ఇరవై నానోసెకన్లు

జనవరి 27, మంగళవారం

టీ చల్లారకముందే మీటింగు అయిపోయింది. నా పని కూడా నా చేతిలోంచి పోయింది.

ఫిబ్రవరి 28న సైన్స్ డే. ఆ ఒక్కరోజు మా ఇన్‌స్టిట్యూట్ గేటు అందరికీ తెరుస్తారు. జనం ముందు కాంతి వేగం కొలిచి చూపించడం మా ల్యాబ్ వంతు. మూడేళ్ళుగా ఆ పని చేస్తున్నది నేను. లేజర్ కోసం స్టోర్ చుట్టూ తిరిగింది నేను. అద్దం బిగించింది నేను. కారిడార్ కిటికీలకి నల్ల కాగితం అంటించి గోళ్ళు విరగ్గొట్టుకున్నదీ నేనే. ఈరోజు మా గైడ్ నిరంజన్ సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ హిందీలో, "వీణా, ఈసారి సెటప్ నువ్వు చూసుకో. జనంతో మాట్లాడేది షెరిన్. పర్ఫెక్ట్ టీమ్!" అన్నారు.

షెరిన్ మొన్న ఆగస్టులో పీహెచ్‌డీకి చేరింది. ల్యాబులో ఏ స్విచ్ ఎక్కడుందో ఇంకా తెలీదు.

నేను "ష్యూర్ సార్" అన్నాను. నవ్వాను కూడా.

సార్ ఎందుకలా అన్నారో నాకు తెలుసు. పోయినేడాది నేను చెప్తూ ఉండగానే జనం ఒక్కొక్కరే జారుకుని కెమిస్ట్రీ వాళ్ళ ఐస్‌క్రీమ్ దగ్గరికి పోయారు. చివరికి ఒక ఆంటీ మిగిలింది. ఆవిడ కూడా టాయిలెట్ ఎక్కడని అడగడానికి నిలబడింది.

అయినా ఇది కుళ్ళు కాదు. పద్ధతి గురించి మాట్లాడుతున్నాను.

జనవరి 28

కుళ్ళు కాదు.

ఫిబ్రవరి 2, సోమవారం

షెరిన్‌కి సెటప్ నేర్పమన్నారు. నేర్పాను.

"ఇది లేజర్. చాలా వేగంగా వెలిగి ఆరుతుంటుంది. ఆ వెలుగులో కొంచెం ఇక్కడే, బల్ల మీదే, మొదటి డిటెక్టర్ పట్టుకుంటుంది. మిగతాది కారిడార్ చివరిదాకా పోయి, అద్దానికి తగిలి, వెనక్కొచ్చి రెండో డిటెక్టర్‌లో పడుతుంది. రెండిట్నుంచీ రెండు కేబుళ్ళు స్కోప్‌కి పోతాయి. తెర మీద రెండు గుట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య ఎడం ఎంతో అదే కాంతి పోయి రావడానికి పట్టిన టైము. పోనూ రానూ దూరం అరవై మీటర్లు. టైము రెండు వందల నానోసెకన్లు. భాగిస్తే సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు."

"బస్? ఇత్‌నా సింపుల్?" అంది.

ఇత్‌నా సింపులంట! మొదటిసారి ఆ రెండో గుట్ట కనపడటానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది.

కేబుళ్ళు రెండిటికీ ఎర్ర టేపు చుట్టి ఉంటే, అదెందుకని అడిగింది. "అవి జోడు. విడదీయకు" అన్నాను. తలూపింది. ఎందుకు విడదీయకూడదో అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే.

పిల్ల ఇక్కడే, ఢిల్లీలోనే పుట్టింది. వాళ్ళమ్మది తణుకు దగ్గర ఏదో ఊరు, ఇక్కడ హాస్పిటల్లో నర్సు. ఈమెకి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు. ఒక్క మాట మాత్రం తెలుగు. అక్కా. ల్యాబులో మిగతా సీనియర్లందరూ దీదీలు, భయ్యాలు. నేనొక్కదాన్నే అక్క. ఎవరికే అక్క?

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఈరోజు షెరిన్ మమ్మల్నందర్నీ కారిడార్‌లో వరసగా నిలబెట్టి చేతులు పట్టుకోమంది. ఆఫీసు వాళ్ళని కూడా పిలుచుకొచ్చింది. మొదటి మనిషి పక్కవాళ్ళ చెయ్యి నొక్కాలి, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళది, అలా చివరిదాకా. చివరి మనిషి చెయ్యెత్తాలి. మా ల్యాబులోని అర్జున్ చివర్లో నిలబడి నొక్కు రాకముందే చెయ్యెత్తేశాడు. అందరూ నవ్వారు. మళ్ళీ చేయించింది.

అప్పుడు హిందీలో చెప్పింది, చాలా మామూలుగా, మెట్రోలో పక్కసీటు మనిషితో మాట్లాడినట్టు. నొక్కు ఇంత నెమ్మదిగా ఎందుకు వెళ్ళింది? ఒక్కో మనిషి దగ్గరా కాసేపు ఆగుతుంది కాబట్టి. చెయ్యి మీద నొక్కు పడ్డాక, అది మనకి తెలిశాక, ఆలోచించి, అప్పుడు పక్కవాళ్ళని నొక్కుతాం. ఎంత చురుకైన మనిషైనా ఆ ఆలస్యం తప్పదు. కాంతి ఆలోచించదు. అందుకే దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

సార్ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కనపడిన ప్రతివాళ్ళకీ "లైట్ డజ్ నాట్ థింక్!" అని చెప్పుకుంటూ తిరిగారు.

బాగుంది. చాలా బాగుంది. ఈ ల్యాబులో ఐదేళ్ళుగా ఉన్నా నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. రెండో చపాతీ వదిలేసి లేచి వచ్చేశాను. క్యాంటీన్ నూనె మంచిది కాదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

షెరిన్ వాళ్ళింటికి భోజనానికి పిలిచారు, మునిర్కాలో. మూడుసార్లు తప్పించుకున్నాను. నాలుగోసారి వాళ్ళమ్మే ఫోన్ చేసింది.

చర్చి నుంచి అప్పుడే వచ్చారు. వాళ్ళమ్మ జయశీల ఆంటీ ఆదివారం చీరలోనే వంటింట్లో నిలబడి రొయ్యలు వేయిస్తోంది. ఇల్లంతా ఆ వాసనే. కటవారియా సరాయ్ గదిలో మ్యాగీ తిని బతికేదానికి ఆ వాసనకే కళ్ళు తిరిగాయి.

"ఏంటమ్మా అలా కెలుకుతున్నావ్? తిను. బొత్తిగా ఎముకలు తేలిపోయావ్. ఇదిగో, ఈ పెద్ద ముక్క నీదే."

"చాలాంటీ."

"చాలదు. మా షెరిన్ ఇంట్లో ఎప్పుడూ నీ పేరే జపం చేస్తాదమ్మా. వీణక్క అలా చేసింది, వీణక్క ఇలా చెప్పింది అని. ఎప్పుడైనా చేతికి లేజర్ తగిలించుకుంటాదేమోనని నాకు భయం. వీణక్క ఉందిలే మమ్మీ, ఏం కాదు అంటాది."

షెరిన్ సిగ్గుపడి, ఇక చాలన్నట్టు, "మమ్మీ, బస్ కరో నా" అంది.

సైన్స్ డే రోజున వాళ్ళమ్మ డ్యూటీ మార్చుకుందట. చర్చి వాళ్ళు బండి మాట్లాడుకుని మరీ వస్తున్నారట. పాస్టరుగారు కూడా. కూతురు మాట్లాడుతుంటే చూడాలని.

వచ్చేటప్పుడు డబ్బా నిండా రొయ్యలు ఇచ్చింది. బస్టాప్ దాకా వచ్చి బస్సెక్కించి వెళ్ళింది. ఈ పిల్లకి అన్నీ ఉన్నాయి. నవ్వు ఉంది, మాట ఉంది, ఇంటికెళ్తే అమ్మ ఉంది. నాకున్నది ఆ లేజర్ ఒక్కటే. అదీ కావలసివచ్చిందా?

రొయ్యలు చాలా బాగున్నాయి. నా రూమ్మేట్ ప్రీతికి కూడా పెట్టకుండా నేనే తినేశాను.

ఫిబ్రవరి 11

ప్రొద్దుటూరు నుంచి అమ్మ ఫోన్. లైవ్ లింకు పంపమంది, తను పనిచేసే స్కూల్లో టీచర్లందరికీ చూపిస్తుందట. పంపుతానన్నాను. ఈసారి మాట్లాడేది నేను కాదని చెప్పలేదు. సిగ్నల్ సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సార్ పిలిచారు. "వీణా, నువ్వింక థీసిస్ మీద కూర్చో. సెటప్ కూడా షెరిన్ చూసుకుంటుంది. బాగా నేర్పావు, వెల్ డన్."

బాగా నేర్పానట.

ఫిబ్రవరి 14

ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

పోస్టర్ వచ్చింది. గేటు దగ్గర, క్యాంటీన్ దగ్గర, లిఫ్టులో కూడా అంటించారు. షెరిన్ నవ్వుతూ లేజర్ పక్కన నిలబడి ఉంది. పక్కన అద్దం పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తోంది, మోచేతి వరకూ. చేతి గడియారాన్ని బట్టి అది నేనని గుర్తుపట్టాను.

అర్జున్ చూసి, "అరే వీణా, తేరా హాథ్ ఫేమస్ హో గయా!" అన్నాడు, నా చెయ్యి ఫేమస్ అయిపోయిందట. వాడికేం, వాడు దేనికైనా నవ్వుతాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ప్రీతితో గొడవ. పోస్టర్ సంగతి చెప్తుంటే పుస్తకం మూసి, "నాకు నువ్వు రోజు గిదే చెప్తున్నవ్. ఆ పోరి అంటే నీకు మస్తు జెలసీ ఉందే" అంది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఎన్నిసార్లు రాసినా సివిల్స్ ప్రిలిమ్స్ దాటని మనిషి నాకు చెప్పక్కర్లేదన్నాను. ప్రీతి వేడి చేసిన అన్నం అలాగే వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఈ గదిలో మా మంచాల మధ్య రెండే అడుగుల దూరం, అటు తిరిగినా ఇటు తిరిగినా మనిషి కనిపిస్తుంది.

రేపు సారీ చెప్తాను.

ఫిబ్రవరి 21

చెప్పలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టుకుందామని ప్రయోగం బల్ల కింద ఉన్న ప్లగ్ దగ్గరికి వంగాను. షెరిన్ బల్ల చుట్టూ నీలం గుడ్డ కట్టింది, వైర్లు జనానికి అసహ్యంగా కనిపించకుండా. గుడ్డ ఎత్తాను.

రెండో డిటెక్టర్‌కి నా ఎర్ర టేపు కేబుల్ లేదు. కనెక్టర్ ఊడినట్టుంది, పక్కన సొరుగులో పడేసి ఉంది. దాని బదులు స్టోర్‌లోని పొడుగు నల్ల కేబుల్ పెట్టింది. ఎక్కువైన పొడవుని చక్కగా చుట్ట చుట్టి జడ రబ్బరుతో కట్టింది. చూడటానికి ముచ్చటగానే ఉంది.

నేను రెండిటినీ ఒకే పొడవు కత్తిరించింది ఊరికే కాదు. వైరులో కూడా కబురు పోవడానికి టైము పడుతుంది, మీటరుకి ఐదు నానోసెకన్లు. కేబుళ్ళు రెండూ సమానమైతే ఆ టైము రెండువైపులా ఒకటే, లెక్కలో కొట్టుకుపోతుంది. ఇప్పుడు ఒకవైపు నాలుగు మీటర్లు ఎక్కువ. ఇరవై నానోసెకన్లు. తెర మీద రెండు వందలు రావలసిన చోట రెండు వందల ఇరవై వస్తుంది. కాంతి వేగం రెండు లక్షల డెబ్బై మూడు వేలు అని తేలుతుంది. జనం ముందు, సార్ ముందు, పాస్టరుగారి ముందు.

కాంతి గాలిలో పోయే టైమంతా లెక్కపెట్టి, వైరులో పోయే టైము మర్చిపోవడం మొదటేడు వాళ్ళందరూ చేసే తప్పే. నేనూ చేశాను.

షెరిన్ ల్యాబులో లేదు. వచ్చాక చెప్పొచ్చు. కాని సెటప్ నాది కాదన్నారు కదా. నన్ను థీసిస్ మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. పైగా రేపు రిహార్సల్‌లో తనే చూసుకుంటుంది. తప్పు తనే పట్టుకుంటే తనకే మంచిది, అలాగే నేర్చుకుంటారు ఎవరైనా.

గుడ్డ మళ్ళీ ఎలా ఉందో అలా దించేశాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఈరోజు చెప్దామనే వెళ్ళాను. నిజంగా.

కారిడార్ నిండా టెంట్‌హౌస్ వాళ్ళు కుర్చీలు దించుతున్నారు. లేజర్ వేసే వీలు లేదు. షెరిన్ మాటలు మాత్రం రిహార్సల్ చేసింది. కొలత తీసి చూసుకోలేదు. సార్ కుర్చీలో వెనక్కి వాలి చిన్నపిల్లాడిలా నవ్వుతూ విన్నారు. నా థీసిస్ చాప్టర్ చదివేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అయిపోయాక షెరిన్ నా దగ్గరికి వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి, నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, బహుత్ డర్ లగ్ రహా హై. తుమ్ ఏక్ బార్ దేఖ్ లో నా. సబ్ ఠీక్ హై?" భయంగా ఉందట, నన్నొకసారి చూసి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పమంటోంది.

"అంతా బాగుంది" అన్నాను.

"పక్కా?"

"పక్కా."

నిన్నటిదాకా చెప్పకపోవడం వేరు. అది నా పని కాదు అనుకోవచ్చు. ఈరోజు అడిగింది. అడిగితే చెప్పేదాన్నే అని నేనే ఎక్కడో రాశాను.

రేపు పొద్దున త్వరగా వెళ్ళి మార్చేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు.

ఫిబ్రవరి 28, శనివారం

త్వరగా వెళ్ళలేదు. కుర్తా ఇస్త్రీ చేసుకున్నాను. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకున్నాను. ఈ రెండు పనులూ ఇంత నెమ్మదిగా ఎప్పుడూ చెయ్యలేదు. నేను వెళ్ళేసరికి కారిడార్‌లో కాలు పెట్టే చోటు లేదు. కిటికీలకి నల్ల కాగితం అంటించేశారు. షెరిన్ ముందుగా స్కోప్ మీద రెండు గుట్టలూ వచ్చాయో లేదో చూసుకుందట, అర్జున్ చెప్పాడు. వాటి మధ్య ఎడం చూసిందో లేదో నేను అడగలేదు.

వసంత్ కుంజ్ నుంచి స్కూలు బస్సులు. కాలనీ అంకుల్స్. మునిర్కా చర్చి బ్యాచ్ మొత్తం, ఆడవాళ్ళందరూ పట్టుచీరల్లో, ఏదో పెళ్ళికి వచ్చినట్టు. షెరిన్ అందర్నీ వరసగా నిలబెట్టి చేతులు పట్టుకోమంది. నేను స్తంభం వెనక్కి పోయాను. జయశీల ఆంటీ చూసేసింది.

"ఇదిగో వీణమ్మా, ఇటు రా! నా పక్కన నిలబడు. మా అమ్మాయి మాట్లాడతాంటే నాకు తోడుండు."

నా చెయ్యి పట్టుకుంది. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. నొక్కు అటునుంచి వచ్చింది, నేను ఇటు పంపాను. చివర్లో ఒక స్కూలు పాప గెంతి చెయ్యెత్తింది. చప్పట్లు. కాంతి ఆలోచించదు అని షెరిన్ అంటే పాస్టరుగారు తల పంకించారు. ఆటలు అయిపోయినా ఆంటీ నా చెయ్యి వదల్లేదు.

లైట్లు ఆర్పారు. దుమ్ములో ఎర్రటి గీత కారిడార్ చివరిదాకా సాగింది. జనం ఒక్కసారిగా ఓ అన్నారు. పెద్ద తెర మీద రెండు గుట్టలు. షెరిన్ ఒక అంకుల్‌ని పిలిచి ఎడం చదవమంది. ఆయన కళ్ళు చిట్లించి, "దో సౌ బీస్" అన్నాడు. రెండు వందల ఇరవై. ఒక అమ్మాయిని పిలిచి భాగించమంది. అమ్మాయి ఫోన్‌లో భాగించి పెద్దగా చదివింది.

షెరిన్ నవ్వు ఆగిపోయింది. తెర వంక చూసింది. సార్ వంక చూసింది. సార్ కళ్ళజోడు తీశారు.

నేను అన్ని రోజులూ ఎదురుచూసింది ఆ ముఖం కోసమే. కనిపించింది. ఆ క్షణం నాకు హాయిగా ఉంది. ఒళ్ళంతా తేలికైంది. రాసేశాను, ఇంక ఈ వాక్యం మళ్ళీ చదవను.

ఆంటీ నా చెవిలో, "ఏంటమ్మా, తప్పొచ్చిందా?" అంది. చెయ్యి చెమట పట్టింది. నాదో, ఆవిడదో.

తర్వాత షెరిన్ గట్టిగా ఊపిరి తీసి నవ్వింది. అది దొంగ నవ్వు కాదు. "దోస్తోం, ఇప్పుడే అసలు సైన్స్ మొదలైంది" అంది హిందీలో. కాంతి ఆలస్యంగా రాదు. అంటే మన దగ్గరే ఎవరో ఇరవై నానోసెకన్లు దొంగిలించారు. దొంగని పట్టుకుందాం రండి అంది. జనం ముందుకి జరిగారు. ఒకాయన అద్దం అన్నాడు. ఇంకొకావిడ దూరం సరిగ్గా కొలవలేదేమో అంది. వెంటనే టేపు తెప్పించి, స్కూలు పిల్లలతో కారిడార్ అంతా కొలిపించింది. దూరం సరిగ్గానే ఉంది. ఎవరూ ఐస్‌క్రీమ్ దగ్గరికి పోలేదు. ఒక్కరు కూడా కదల్లేదు.

నేను దాచిపెట్టిన తప్పుతో కూడా ఆమె జనాన్ని కట్టిపడేసింది. అప్పుడు మండిందయ్యా నాకు, అరికాలి నుంచి నెత్తిదాకా.

అప్పుడు నా వైపు తిరిగి, ఇంకా హిందీలోనే అంది. "ఈ ప్రయోగం మొత్తం కట్టింది ఒక్కరే. మూడేళ్ళుగా. నాకు నేర్పింది కూడా ఆవిడే. అక్కా, ఆ ఇరవై ఎక్కడ..."

"రెండో కేబుల్" అన్నాను. "నాలుగు మీటర్లు పొడవెక్కువ. మీటరుకి ఐదు చొప్పున ఇరవై."

ఆమె ప్రశ్న పూర్తి కాలేదు. నేను బల్ల దగ్గరికి వెళ్ళలేదు. తెర వంక కూడా చూడలేదు. గురువారం నుంచీ నోట్లోనే ఉన్న మాట, నోరు తెరవగానే బయటికి వచ్చేసింది.

చప్పట్లు. కారిడార్ దద్దరిల్లింది. ఆంటీ నా చెయ్యి గట్టిగా నొక్కి, "చూశారా, మా వీణమ్మ!" అంది అందరితో. సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. షెరిన్ కూడా కొట్టింది. అందరి తర్వాత కొట్టింది. ఆ కాసేపూ నా వైపే చూసింది, తర్వాత నీలం గుడ్డ వైపు, మళ్ళీ నా వైపు.

నన్ను ముందుకి పిలిచి మైకు నా చేతికిచ్చింది. నేను సొరుగులోంచి ఎర్ర టేపు కేబుల్ తీసి, ఊడిన కనెక్టర్‌ని నొక్కి బిగించి పెట్టాను. రెండో గుట్ట మొదటిదాని వైపు జరిగింది. రెండు వందలు. స్కూలు పిల్లలు కుర్చీలెక్కి అరిచారు. వైరులో కూడా టైము పడుతుందని నేనే వివరించాను. అందరూ విన్నారు. ఒక పాప నా ఆటోగ్రాఫ్ అడిగింది. సార్ అందరితో, "దిస్ ఈజ్ ఎ రియల్ ఎక్స్‌పెరిమెంటర్. ఒక్క క్షణం కూడా పట్టలేదు చూశారా!" అన్నారు.

నేను కోరుకున్నదంతా, ఒక్కటి కూడా తగ్గకుండా, వచ్చింది.

జనం వెళ్ళాక వైర్లు సర్దుతున్నాం. అర్జున్, సార్ అక్కడే ఉన్నారు, టీ తాగుతూ. షెరిన్ నీలం గుడ్డ విప్పి మడత పెట్టింది. నల్ల కేబుల్ చుట్టకున్న జడ రబ్బరు తీసి చేతికి వేసుకుంది. నా దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా వెతుక్కుని, తెలుగులో అంది.

"అక్కా... నువ్వు నిలబడిన చోటు నుంచి కేబుల్ కనపడదు."

ఈ ఏడు నెలల్లో నాతో తెలుగులో ఒక పూర్తి వాక్యం అనడం అదే మొదలు. సార్‌ది ఒడిశా, అర్జున్‌ది ఇక్కడే, ఇద్దరికీ తెలుగు రాదు. వాళ్ళకి అర్థం కాకూడదని తెలుగులో అంది. అప్పుడు కూడా నా పరువే చూసింది.

నేను వైర్లు సర్దుతూనే ఉన్నాను. షెరిన్ వెళ్ళి వాళ్ళమ్మ తెచ్చిన కేకు అందరికీ పంచింది. నాకూ ఇచ్చింది.

మార్చి 1, ఆదివారం

అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది.

"సూసినాను పాపా! టీచర్లు అందరూ సూసినారు. ఆ పాప అడిగేలోపలే టక్కున చెప్పేస్తివి కదమ్మా! మా హెడ్మాస్టరు ఏమన్నాడో తెలుసునా? మీ పాప ఆలోచన కూడా చేయలేదు మేడం, అన్నాడు."

"అవును మా" అన్నాను.

"నీకు మొదలే తెలిసినట్టు చెప్తివి."

"అవును మా."

ప్రీతికి సారీ చెప్పాను. "ఇప్పుడా?" అంటూనే తన టీలో సగం నాకు పోసింది. మొత్తం చెప్పాను ఆమెకి. విని, "నాకు చెప్తే ఏమొస్తది? ఆమెకి చెప్పు" అంది.

చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మొదట, దూరం నుంచే ఊహించాను అని టైపు చేశాను. చెరిపేశాను. అప్పుడే గుర్తొచ్చింది అని చేశాను. అదీ చెరిపేశాను. చివరికి పంపింది ఇదీ:

"గురువారమే చూశాను. నువ్వు అడిగినప్పుడు కూడా తెలుసు. అబద్ధం చెప్పాను. నువ్వంటే నాకు కుళ్ళు. సారీ షెరిన్."

రెండు టిక్కులు నీలం అయ్యాయి. జవాబు రాలేదు. వాళ్ళు చర్చిలో ఉండే టైమే అది. కాని చదివింది.

మార్చి 2, సోమవారం

ల్యాబుకి షెరిన్ నాకంటే ముందే వచ్చింది. సార్ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తుందేమోనని చూశాను. చెప్పలేదు. చెప్పదు కూడా, ఆమె అలాంటిది కాదు. ఊడిన కేబుల్‌కి కొత్త కనెక్టర్ వేస్తోంది. జోడులో రెండోది పక్కన పెట్టుకుని పొడవు సరిచూసుకుంటోంది. ఈసారి ఎందుకో తెలిసే చూసుకుంటోంది.

నేను బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. తలెత్తి చూసింది. నవ్వింది, అందర్నీ చూసి నవ్వినట్టే.

"గుడ్ మార్నింగ్, దీదీ" అంది.